మంచు కరుగుతుంటే నది ఎండిపోవడమేంటి? (స్లిమ్స్ నది గురించి)

లంకరైతు, రాజోలు:
కెనడాలో స్లిమ్స్ అనే నది 2016 మే నెలాఖరులో నాలుగు రోజుల్లోనే ఎండిపోయిందట. మంచు కరిగితే నీళ్లు పెరగాలి గదండీ! మన గోదారికీ ఈ గతి పట్టొచ్చా?

ఏటిగట్టు:
నీళ్లు తగ్గలేదండి, దారి మళ్లాయి. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో ఉన్న కస్కవుల్ష్ హిమానీనదం కొన, నీళ్లు రెండు వైపులకీ విడిపోయే మిట్ట మీద ఉంది. ఒకవైపు నీరు స్లిమ్స్, క్లువానీ సరస్సు, యూకాన్ నది మీదుగా బేరింగ్ సముద్రానికి వెళ్లేది. రెండో వైపుది కస్కవుల్ష్ నది, ఆల్సెక్ మీదుగా అలాస్కా సింధుశాఖకి. రెండు దార్ల మధ్య మంచే గట్టు. 1956 నుంచి 2007 లోపు ఆ కొన 600 మీటర్లకు పైగా వెనక్కి జరిగింది, గట్టు పలచబడింది. చివరికి మంచు కొన దగ్గర స్లిమ్స్ వైపు మెరక మీదున్న కరుగునీటి సరస్సు నీరు మంచులో సుమారు 30 మీటర్ల లోతు కోత పెట్టి, కస్కవుల్ష్ నది వైపు పల్లంలో ఉన్న రెండో సరస్సులోకి దూకింది.

లాకులదగ్గర:
గండిపడ్డ కాలవ లెక్కే. ఆల్సెక్ దారి సముద్రానికి దగ్గర, వాలూ ఎక్కువ. వాలెక్కువైతే వేగం, వేగంతో కోత, కోతతో అడుగు ఇంకా కిందికి. అందుకే నీరు మళ్లీ మెరకెక్కదు. స్లిమ్స్ అడుగున మిగిలిన సన్నటి ఒండ్రు గాలికి దుమ్మై లేస్తోంది, క్లువానీ మట్టం పడిపోయింది. అసలు కొన్ని వందల ఏళ్ల కిందట ఇదే హిమానీనదం ముందుకొచ్చి దక్షిణ దారి మూసేస్తేనే క్లువానీ సరస్సు నీరు ఉత్తరానికి తిరిగింది.

లంకరైతు:
మరి ఏ నదికి ఈ ప్రమాదం ఉందో ముందే ఎలా పసిగట్టాలి?

ఏటిగట్టు:
ముందు మంచు కొన ఆ మిట్ట మీద ఉందా చూడాలి. తర్వాత రెండు వైపుల సరస్సుల మట్టాల తేడా. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో అడ్డుగా ఉన్నది మంచా, రాయా అన్నది. రాయైతే నాలుగు రోజుల్లో కోసుకుపోదు. దారి మళ్లకపోయినా ఇంకో నష్టం ఉంది. మంచు కరిగే కొద్దీ మొదట ప్రవాహం పెరుగుతుంది, మంచు నిల్వ తరిగిపోయాక ఎండాకాలం నీరు తగ్గిపోతుంది. హిమాలయ నదుల దగ్గర కనిపెట్టాల్సింది ఇదే.

లాకులదగ్గర:
గోదారికి మంచుతో పని లేదండి. పుట్టింది త్ర్యంబకేశ్వర్ కొండల్లో, బతికేది వాన మీద. మన దాళ్వాకి (రబీ వరికి) ఆధారం సీలేరులో కరెంటు తీశాక శబరి గుండా ధవళేశ్వరం చేరే నీరు. జనవరి నుంచి మీరు చూసుకోవాల్సింది ఆ విడుదలలే.