మాయాబజార్ పెట్టె: ప్రియదర్శినా, ప్రియదర్శనా?

నాంపల్లి బాటసారి:
నిన్న పబ్లిక్ గార్డెన్స్ దగ్గర బస్సు కదలక, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం బోర్డు చూస్తూ కూర్చున్నా. అప్పట్నుంచీ ఒకటే తొలిచేస్తోంది. మాయాబజార్ సినిమాలో మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు చూపించే శశిరేఖ పెట్టె ఉంది కదా, దాని పేరు ప్రియదర్శినా, ప్రియదర్శనా? మా నాయనమ్మ ‘దర్శని’ అనేది. శి యా, శ యా?

చిక్కడపల్లి మాస్టారు:
శి. అందులో సందేహం లేదు. కానీ ప్రియదర్శిని అంటే ప్రియంగా చూసేది. ఎర్రగుడి బండల మీది శాసనాల్లో అశోకుడికున్న ‘పియదసి’ అనే పేరు కూడా ఈ మాటే. పెట్టె చూడదు, చూపిస్తుంది. మాటలు రాసింది పింగళి వారు కాబట్టి చెల్లింది.

తార్నాక సైన్సు టీచర్:
మరి సూక్ష్మదర్శిని సంగతేంటి మాస్టారూ? సూక్ష్మజీవిని అది చూస్తుందా, మనకు చూపిస్తుందా? పింగళి పెట్టెను పరికరాల వరుసలో కూర్చోబెట్టాడంతే. సినిమా 1957, ఢిల్లీలో టీవీ మొదలైంది 1959. పేరు ముందే రెడీ!

చిక్కడపల్లి మాస్టారు:
పాఠ్యపుస్తకాల సంస్కృతం నాకు ప్రమాణం కాదు.

నల్లకుంట అత్తయ్య:
‘దర్శిని’ మీరూ మీరూ తేల్చుకోండి. నా పేచీ ‘ప్రియ’ దగ్గర. శశిరేఖ మూత తీస్తే అభిమన్యుడు. రేవతికి నగలు. బలరాముడికి దుర్యోధనుడు. పిల్ల పెళ్ళి ఎటు తిరగబోతోందో అక్కడే తెలిసిపోయింది, తల్లికి బంగారం, తండ్రికి శిష్యుడు. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఇంతవరకూ బానే ఉంది. కృష్ణుడు తీస్తే శకుని! శకుని ఆయనకెప్పుడు ప్రియమయ్యాడు నాయనా?

కూకట్‌పల్లి కుర్రాడు:
వైరభక్తి అత్తయ్యా, తిరగేసి. వైరభక్తిలో శత్రువు పగతోనే దేవుణ్ణి తలుచుకుంటాడు, ఇక్కడ దేవుడే శత్రువును తలుచుకుంటున్నాడు.

నల్లకుంట అత్తయ్య:
అంత లేదు. ఆయనకు రాబోయే ఆట మీద మోజు. ఆ పెట్టె మనసులో ఉన్నది చూపిస్తుంది, ముద్దొచ్చేదాన్ని కాదు. అలాగైతే ‘ప్రియ’ తప్పు, ‘చిత్త’ అనాలి.

తార్నాక సైన్సు టీచర్:
చిత్తదర్శిని! ఈసీజీ మిషన్‌లా ఉంది.

మల్కాజిగిరి మల్లన్న:
పెట్టె సంగతి సరే, గింబళి ముచ్చట ఎవ్వరూ ఎత్తరేంది? పెళ్ళి గిళ్ళి, పులి గిలి అంటం. ఆ ‘గి’కి అర్థం ఉండదు. కంబళి పక్కన గింబళిని, తల్పం పక్కన గిల్పాన్ని నిజంగనే పరిచి చూపెట్టిండు పింగళి. ఉత్తమాటకు వస్తువు పుట్టింది. గంతెందుకు, మా దిక్కు ‘గీ’ అంటే ‘ఈ’. గీ కంబళే గింబళి అయ్యుంటది.

చిక్కడపల్లి మాస్టారు:
మల్లన్నా, మంచి సరదా. వ్యుత్పత్తి మాత్రం కాదు.

మల్కాజిగిరి మల్లన్న:
సారూ, మీకు ఎర్రగుడి ఉంటే మాకు మల్కాజిగిరి ఉండొద్దా?

నాంపల్లి బాటసారి:
అయ్యా, శి యా, శ యా అనడిగాను. నాయనమ్మది తప్పంటారా?

చిక్కడపల్లి మాస్టారు:
ఆగవయ్యా. కుర్రాడు వైరభక్తి అన్నాడు కదా, పోతన ‘కామోత్కంఠత గోపికల్’ పద్యం గుర్తొచ్చింది. అందులో భయంతో తరించినవాణ్ణి ‘గంసుండు’ అని చదవాలి, మొన్న సభలో ఒకాయన ‘కంసుండు’ అని పాడాడు.

కూకట్‌పల్లి కుర్రాడు:
యతి కా–కం అన్నా కుదురుతుంది కదండీ?

చిక్కడపల్లి మాస్టారు:
యతి కుదిరితే సరా? ముందున్న ‘భయమునన్’ చివరి ‘న్’, ఆ ద్రుతం, తర్వాతి ‘క’ను ‘గ’ చెయ్యాలి కదా, అదేమైనట్టు?