నుదుటి రూపాయికీ గ్రీకుల పడవ కూలికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న (చిత్తూరు సభ్యుడు):
ఈ మధ్య మా తాతగారు కాలం చేసినప్పుడు, పాడె మీదికి చేర్చే ముందు ఆయన నుదుట విభూతి మీద రూపాయి బిళ్ళను అంటించారు. ఎందుకని అడిగితే, దారి ఖర్చుకని చిన్నాయన చెప్పారు. ప్రాచీన గ్రీకులు కూడా శవం నోట్లో చిన్న నాణెం పెట్టేవారనీ, పాతాళ నదిని దాటించే ఖారోన్‌కు అది పడవ కూలి అనీ తరువాత చదివాను. మనకు వైతరణి, యముడి కుక్కలు. వాళ్ళకూ నది, కాపలా కుక్క. ఇవి ఎవరి నుంచి ఎవరికి వెళ్ళాయి?

జవాబు 1 (తిరుపతి సభ్యురాలు):
నాణేన్ని ముందే పక్కన పెట్టవచ్చు. గ్రీకులెరిగిన నాణేలు క్రీ.పూ. 7వ శతాబ్దంలో లిడియాలో (నేటి టర్కీ పడమటి భాగం) మొదలయ్యాయి కనుక, ఆ ఆచారం అంతకన్నా పాతది కాజాలదు. గ్రీకు ఆదికవి హోమర్ కావ్యాలైన ఇలియడ్, ఒడిస్సీల్లో ఖారోన్ పేరే లేదు. ఒడిస్సీలో మృతులతో మాట్లాడటానికి కథానాయకుడు ఒడిస్సియస్ గుంట తవ్వి, తేనె కలిపిన పాలు, ద్రాక్షసారా, నీళ్ళు వరుసగా పోసి, యవల పిండి చల్లి, గొర్రె నెత్తురు పారిస్తాడు. ఆ నెత్తురు తాగేదాకా కన్నతల్లి కూడా అతన్ని గుర్తుపట్టదు. కపిలతీర్థం మెట్ల మీద నువ్వులూ నీళ్ళూ వదిలేవారిని చిన్నప్పటి నుంచీ చూస్తున్న నాకు ఆ ఘట్టం పరాయిదిగా తోచలేదు. అయితే మెసొపొటేమియాలోనూ పితరులకు అన్నం, నీళ్ళు పెట్టే ‘కిస్పు’ ఉండేది కాబట్టి, పోలిక ఒక్కటే చూసి అరువు అనలేము.

జవాబు 2:
అరువు అనాలంటే అది వచ్చిన తోవ చూపాలి. పశ్చిమాసియా నుంచి గ్రీసుకు ఆ తోవ ఉంది. ఫినీషియన్ల అక్షరాలు వచ్చింది అటు నుంచే. మెసొపొటేమియా కావ్యం గిల్గమేష్ 12వ పలకలో, చనిపోయిన ఎంకిడు ఆత్మ నేల కంతలోంచి గాలిలా పైకి వచ్చి, స్నేహితుడు గిల్గమేష్‌ను కౌగలించుకొని, కింద ఉన్నవారి గతిని వివరిస్తుంది. ఇలియడ్ 23వ సర్గలో చనిపోయిన స్నేహితుడు పట్రోక్లస్ ఆత్మను వీరుడు అకిలీస్ పట్టుకోబోతే అది పొగలా నేలలోకి జారిపోతుంది. ఈజిప్టు సంగతిలో మాత్రం తొందర పనికిరాదు. ఖారోన్ పడవకు మూలం ఈజిప్టు శవయాత్రలేనన్నది క్రీ.పూ. 1వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ మాట; ప్రతిదానికీ ఈజిప్టునే పుట్టిల్లుగా చెప్పడం గ్రీకు రచయితలకు అలవాటు. నా దృష్టిలో అంతకన్నా విలువైనది దక్షిణ ఇటలీలోని గ్రీకు పట్టణం హిప్పోనియన్‌లో ఒక సమాధిలో దొరికిన, సుమారు క్రీ.పూ. 400 నాటి బంగారు రేకు. దప్పికగొన్న ఆత్మ కాపలాదారులతో తాను భూమికీ చుక్కల ఆకాశానికీ బిడ్డనని చెప్పి, నీళ్ళు అడగాలని అందులో చెక్కి ఉంది. ద్వారపాలకులకు చెప్పవలసిన మాటలు ఈజిప్టు మృతుల గ్రంథంలోనూ ఉన్నాయి.

జవాబు 3:
కుక్కల విషయం వేరు. ఋగ్వేదం 10వ మండలంలో యముడి కుక్కలు రెండు, ఒక్కోదానికి నాలుగు కళ్ళు. గ్రీకుల పాతాళాన్ని కాచే కుక్క కెర్బెరోస్‌కు, ప్రాచీన కవి హెసియోడ్ చెప్పిన ప్రకారం, ఏకంగా 50 తలలు. ఇది అరువు కాక, సంస్కృత, గ్రీకు భాషలవారి పూర్వీకుల ఉమ్మడి ఆస్తి కావచ్చు. యముడి కుక్కకు చెప్పే ‘శబల’ అనే మాట, కెర్బెరోస్ ఒకే మాట అనే వాదన మాత్రం వివాదాస్పదమే.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మా ఇంట్లో మునుపు పావలా పెట్టేవారట. 2011లో పావలాలు చెల్లకుండా పోయాక రూపాయి అయింది. క్రీ.పూ. 405 నాటి అరిస్టోఫనీస్ నాటకంలోనూ పడవ కూలి రెండు ఒబోల్‌లని (గ్రీకుల చిల్లర నాణేలు) ఇప్పుడే చూశాను.