రిటైరైన బాంబు జాగిలాన్ని అపార్ట్‌మెంట్‌లో పెంచుకోవచ్చా? దానితో పనిచేసిన హ్యాండ్లర్‌కే ఇవ్వాలా?

ఎంవీపీ_శ్రీను:
మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో నిన్నట్నుంచి ఒకటే గొడవ. ఒకాయన ఆర్మీలో రిటైరైన బాంబు జాగిలాన్ని దత్తత తెచ్చుకుంటారట, మీరట్‌లో ఆర్‌వీసీ (ఆర్మీ పశువైద్య విభాగం) సెంటర్‌కి అప్లికేషన్ కూడా పెట్టేశారు. సగం మంది శభాష్ అంటున్నారు, మిగతావాళ్లు పిల్లలున్నారు వద్దంటున్నారు. ఇదివరకు రిటైరైన కుక్కల్ని ఇంజెక్షనిచ్చి చంపేసేవాళ్లని 2015లో ఆర్టీఐ జవాబుతో బయటపడి ఎంత రచ్చయిందో గుర్తుందిగా, ఆ తర్వాతే పద్ధతి మారింది. ఇప్పుడు ఇస్తామంటుంటే మనమే వద్దంటే ఎలా? మీరేమంటారు?

గాజువాక_ఫౌజీ:
డాగ్ యూనిట్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి చెప్తున్నా. కరుస్తాదని భయం అక్కర్లేదు, బాంబుల పనికి ఎక్కువగా లాబ్రడార్లే, ఎటాక్ డాగ్ వేరు ఇది వేరు. పేలుడు మందు వాసన తగిల్తే మొరగదు గోకదు (గోకితే పేల్తాది కదా), అక్కడే కూర్చుని మన మొహం చూస్తాది. బాంబంటే ఏటో దానికి తెలీదు, ఆ వాసన దొరికితే బంతి ఇస్తారని తెలుసు, అంతే. తుపాకీమందు (గన్‌పౌడర్) వాసన కూడా నేర్పిస్తాం కాబట్టి దీపావళికి మీ టపాసుల పెట్టె దగ్గర కూర్చుండిపోతే ఆశ్చర్యపోకండి 😀

అసలు బాధ వేరే. దాని తిండి, స్నానం, దువ్వడం అన్నీ హ్యాండ్లరే చూసుకుంటాడు. తీరా అది రిటైరయ్యేసరికి చాలాసార్లు ఆడింకా సర్వీసులోనే ఉంటాడు, బ్యారక్‌లో పెంచుకోలేడు, చేతికి ఇంకో కుక్క వచ్చేస్తాది. పాతది ఎవరో తెలీనోళ్ల ఇంటికి పోతాది.

బీచ్‌రోడ్_లల్లి:
అదే నేననేది. అమెరికాలో 2000లోనే రాబీ అనే కుక్క పేరు మీద దత్తతకి చట్టం చేశారు, తర్వాత హ్యాండ్లర్‌కే మొదటి ఛాన్స్ అని కూడా రాసుకున్నారు. మన దగ్గరా అలా రాయాలి. హ్యాండ్లర్ కాదన్నాకే మనలాంటివాళ్లకి.

సిరిపురం_కిట్టు:
ఏటండీ బాబూ, సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) రద్దు చెయ్యమని టీచర్లు రోడ్డెక్కితేనే దిక్కులేదు, కుక్కల రిటైర్మెంట్‌కి చట్టమా? అయినా మన ఉక్కపోతలో అవి పనిచేసేదెంత, మెషిన్లు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

గాజువాక_ఫౌజీ:
కిట్టు గారూ, ఉక్కపోత మాట నిజమే, వగర్చే కుక్క సరిగ్గా వాసన పట్టలేదు, అందుకే కాసేపు పని చేయించి నీడకి తీసుకుపోతాం. కానీ ఎక్స్‌రే మెషిన్ దగ్గరికి బ్యాగుని మనం మోసుకెళ్లాలి, కుక్కయితే బ్యాగు దగ్గరికి అదే వెళ్తాది. చింతపల్లి రూట్‌లో కల్వర్టు కింద మందుపాతర పెడితే ఏ మెషిన్ ఎత్తుకెళ్తారు మీరు?

డచ్ అని ఈస్టర్న్ కమాండ్‌లో మంచి పేరున్న బాంబు జాగిలం 2019 సెప్టెంబర్‌లో పోయింది, వయసు 9 ఏళ్లు. లాబ్రడార్ బతికేదే పది పన్నెండేళ్లు, ఎనిమిదో తొమ్మిదో వచ్చాక వదిలితే ఇంక మిగిలేదెంత? దానికి పెన్షనెవడు అడిగాడండీ, కీళ్ల మందులూ డాక్టరు ఖర్చూ యూనిటే భరించాలి, హ్యాండ్లర్ సెలవుకొస్తే చూసి వెళ్లనివ్వాలి. ఈ రెండూ కాగితం మీద ఉంటే ఎవరింట్లో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

సిరిపురం_కిట్టు:
డాక్టరు ఖర్చు వరకు ఒప్పుకుంటా. చట్టం మాత్రం టూ మచ్.

బీచ్‌రోడ్_లల్లి:
శ్రీను గారూ, మీ వాళ్లకి ఇంకోటి చెప్పండి. అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్ట్ వాడొద్దనకూడదని యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఓటింగ్ పెట్టుకున్నా చెల్లదు.

ఎంవీపీ_శ్రీను:
లిఫ్ట్ గొడవే లేదండీ, ఆయనది గ్రౌండ్ ఫ్లోర్. సర్క్యులర్ మాత్రం మా సెక్రటరీ గారికి ఫార్వర్డ్ చేస్తా, ఓటింగ్ పెడతానంటున్నది ఆయనే. ఫౌజీ గారూ, హ్యాండ్లర్ నంబర్ ఇమ్మని అప్లికేషన్‌లోనే అడగొచ్చంటారా?

గాజువాక_ఫౌజీ:
అడగమనండి. ఏ మాటకి కూర్చుంటాదో, ఏం తింటాదో, ఏ కాలు నొప్పో ఆడికే తెలుసు. బంతి కూడా పాతదే అడిగి తెచ్చుకోమనండి, కొత్తది కొనొద్దు.