మేడారం, రామప్ప, ఎనుమాముల: 3,000 రూపాయలలో తేలికైన కెమెరా సామాను ఏది?

హన్మకొండ చౌరస్తా
నా దగ్గర క్యానన్ 200డి కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు ఉన్నాయి. మేడారం జాతరలో రెండు రోజులు, తిరుగు దారిలో రామప్ప, ఆ తరువాత ఒక ఉదయం ఎనుమాముల మిర్చి యార్డు తిరగాలని అనుకుంటున్నాను. అంతా బస్సు ప్రయాణం, కాలినడక కనుక భుజానికి బరువు కాకూడదు. చేతిలో 3,000 రూపాయలున్నాయి. ట్రైపాడ్ కొనాలా, వద్దా? వీధి ఫోటోలకు ఇంకేమి అవసరమవుతాయి?

కాజీపేట జంక్షన్
ట్రైపాడ్ మాట మరచిపోండి. రామప్ప పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. జాతరలోనైతే కాలు పెట్టడానికే చోటుండదు, ఇక మూడు కాళ్ళ మాట ఎందుకు? మణికట్టు స్ట్రాప్ ఒకటి, అదనపు బ్యాటరీ ఒకటి, గాలి బ్లోయర్ ఒకటి తీసుకోండి. వీటన్నిటికంటే ముందు మాత్రం 58 మిల్లీమీటర్ల యూవీ ఫిల్టరు, అంటే లెన్సు ముందు బిగించే పలుచని గాజు, కొనండి. 2024 జాతరలో అమ్మవార్ల గద్దెల దగ్గర వెనుకనుంచి ఎవరో విసిరిన బంగారం, అంటే బెల్లం ముక్క, నేరుగా నా లెన్సు మీద పడింది. దానికి పసుపు అంటి ఉంది, పైన దుమ్ము పేరుకుంది. చొక్కా అంచుతో తుడిచాను, గీత పడింది. బాగుచేయిస్తే లెన్సు ధరలో సగానికి పైగా అడిగారు, పైగా తిరిగి ఇచ్చినప్పుడు లోపల కొత్తగా దుమ్ము కనబడింది. నాలుగు వందల ఫిల్టరు ఉంటే ఈ బాధంతా తప్పేది.

పాకాల గాలి
జంక్షన్ గారూ, మీ లెన్సును గీసింది బెల్లం కాదు, మీ చొక్కా. ముందు బ్లోయర్‌తో ఊది, తరువాత మెత్తని గుడ్డతో తుడిచి ఉంటే గీత పడేది కాదు. యూవీ ఫిల్టరు ఫిల్ము రోజుల వస్తువు; డిజిటల్ సెన్సారు ముందు అతినీలలోహిత కిరణాలను ఆపే పొర ఎలాగూ ఉంటుంది. పైగా పూత లేని గాజు ఒక్కొక్క ముఖం మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది, ఫిల్టరుకు రెండు ముఖాలు. రాత్రి జాతరలో దుకాణాల బల్బులు ఫోటోలో తలకిందులుగా ఆకుపచ్చ చుక్కలై తేలేది ఇందుకే. ఆ నాలుగు వందలతో హుడ్, అంటే లెన్సు అంచుకు బిగించే గొట్టం లాంటి కవచం, కొనండి. అది పక్క వెలుతురును ఆపుతుంది, జనం మోచేతులనూ ఆపుతుంది.

మట్టెవాడ
ఆయన అడిగింది ట్రైపాడ్ గురించి.

కాజీపేట జంక్షన్
హుడ్ ముందు భాగం తెరిచే ఉంటుంది కదా, ఎగిరివచ్చే బెల్లాన్ని అది ఎలా ఆపుతుంది? చుక్కల భయమున్నవారు రాత్రి పూట ఫిల్టరు తీసేయవచ్చు.

పాకాల గాలి
గద్దెల దగ్గర తోపులాటలో ఫిల్టరు విప్పడానికి మీకు మూడవ చేయి ఉన్నట్టుంది.

మట్టెవాడ
ఈ ఫిల్టరు పంచాయితీ తెగేది కాదు కనుక నేను చెప్పవలసినది చెప్పేస్తాను. చవక బజారులో 128 జీబీ అని రాసి ఉండే కార్డులలో నకిలీవి ఉంటాయి. కెమెరా అంత చోటు చూపిస్తుంది, కానీ కొంత దూరం పోయాక ఫోటోలు తెరుచుకోవు. ప్రయాణానికి ముందే కంప్యూటరులో కార్డును నిండా నింపి, తిరిగి అన్నీ తెరిచి చూసుకోండి. నేను మా మేనకోడలి పెళ్ళిలో ఇది నేర్చుకున్నాను, మా అక్క ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

పాకాల గాలి
అసలు హుడ్, ఫిల్టరు రెండింటికంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. డబ్బు కొంచెం పెంచుకోగలిగితే వాడిన 24 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 పాన్‌కేక్ లెన్సు, అంటే చాలా పలుచనిది, చూడండి. దాని బరువు 125 గ్రాములే. 200డి సెన్సారు చిన్నది కనుక, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 38 మిల్లీమీటర్ల లెన్సు ఇచ్చే చూపును అది ఇస్తుంది, వీధికి సరిగ్గా సరిపోతుంది. కెమెరా మీది పేరుకు నల్ల టేపు వేయండి, స్ట్రాప్ పొడుగు చేసి నడుము దగ్గర వేలాడదీయండి. మీరు ఫోటో తీశారన్న సంగతి ఎదుటివారికి తెలియదు. తేలిక సామాను ఎందుకంటే ఇందుకే. భుజం నొప్పి తరువాతి మాట.

కాజీపేట జంక్షన్
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. ఎదుటివారికి తెలియకూడదు, అంతే కదా? 2022 జాతరలో మా అమ్మ జంపన్నవాగులో స్నానం చేసి తడి బట్టలతో ఒడ్డెక్కుతుండగా ఎవరో ఫోటో తీశారు. ఎవరు తీశారో ఆమె చూడలేదు, మేమూ చూడలేదు. నెల తరువాత మా చెల్లెలి ఫోనుకు అది భక్తి, పారవశ్యం అన్న మాటలతో వచ్చింది. అమ్మ మళ్ళీ జాతరకు రాలేదు. 2024లో నేను ఒక్కడినే వెళ్ళి ఆమె మొక్కు చెల్లించాను, ఆ రోజునే నా లెన్సుకు గీత పడింది. అప్పటి నుంచి మెడలో ఎర్ర స్ట్రాప్ వేసుకుని, పెద్ద కెమెరా అందరికీ కనబడేలా పట్టుకుని తిరుగుతున్నాను. వద్దనుకున్నవారు పక్కకు తప్పుకోవడానికి వీలుండాలి.

పాకాల గాలి
మీ అమ్మగారికి జరిగినది తప్పు, అందులో నాకు సందేహం లేదు. వాగులో స్నానం చేసేవారి వైపు నేను కెమెరా ఎత్తను. కానీ మీరు నన్ను ఆ మనిషి పక్కన నిలబెట్టారు, అది నాకు కష్టంగా ఉంది. ఎనుమాములలో కొక్కెం వేసి బస్తాను వీపు మీదికి తీసుకునే హమాలీ మొహంలో ఒక్క క్షణం కనబడే బిగింపును అడిగి తీయలేము. అడిగితే ఆయన బస్తా దించి, చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఎనుమాముల గుమాస్తా
నేను ఆ యార్డులోనే అడ్తి కొట్టులో పనిచేస్తాను, అందుకే కలుగజేసుకుంటున్నాను. మిర్చి సీజను రాగానే కెమెరాలవాళ్ళు వస్తారు, ఎర్రటి కుప్పల మధ్య ఫోటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. పాకాల గారు చెప్పినట్టు మావాళ్ళు నిజంగానే చేతులు కట్టుకుని నిలబడతారు, ఎందుకంటే వాళ్ళకు కావలసిన ఫోటో అదే. ఒకే ఒక్క కుర్రవాడు మరుసటి సంవత్సరం ప్రింట్లు తెచ్చి ఇచ్చాడు. మా కాంటా దగ్గరి హమాలీ దానిని ఇప్పటికీ ఫోను కవరు వెనుక పెట్టుకుని తిరుగుతున్నాడు, అంచులు మాత్రం నలిగిపోయాయి. ప్రింటుకు పదో పదిహేనో రూపాయలు అవుతుంది, బరువు ఏమీ ఉండదు. మరొక మాట: యార్డులో లెన్సు మార్చవద్దు, తేజా మిర్చి పొడి గాలిలోనే ఉంటుంది. మూతికి రుమాలు కట్టుకోండి, లేకపోతే తుమ్ములతో కెమెరా నిలబడదు.

పాకాల గాలి
ఆ కుర్రవాడు కూడా మొదట అడిగి తీశాడో లేదో మీరు చెప్పలేదు.

ఎనుమాముల గుమాస్తా
అడగలేదు. కానీ మళ్ళీ వచ్చాడు.

కాజీపేట జంక్షన్
మళ్ళీ వస్తాడని తీసే సమయానికి ఆ హమాలీకి ఎలా తెలుస్తుంది?

హన్మకొండ చౌరస్తా
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం అదనపు బ్యాటరీ, మణికట్టు స్ట్రాప్, బ్లోయర్, రెండు గుడ్డలు కొన్నాను. హుడ్, ఫిల్టరు రెండూ తీసుకున్నాను, పెద్దలిద్దరూ మన్నించాలి. ట్రైపాడ్ కొనలేదు. కార్డును నింపి చూశాను, బాగానే ఉంది. మిగిలినది 340 రూపాయలు, దానిని ప్రింట్లకు పక్కన పెట్టాను. జంపన్నవాగు దగ్గర కెమెరాను సంచిలోనే ఉంచుతాను.

పాకాల గాలి
హుడ్‌ను తిరగేసి బిగించుకుని తిరగవద్దు, చాలామంది అదే చేస్తారు.

కాజీపేట జంక్షన్
ఫిల్టరు తీయవద్దు.