ఏడేళ్ల బాబుకు శ్వాస కండరాల పరీక్ష: ఏ అంకెను నమ్మాలి?

మా అబ్బాయికి ఏడేళ్లు. డుషేన్ కండరాల క్షీణత ఉన్నట్లు జన్యుపరీక్షలో తేలింది. వాడు ఇంకా బాగానే నడుస్తున్నా, శ్వాస కండరాల బలాన్ని ఇప్పటి నుంచే నమోదు చేస్తే తరువాత పోల్చుకోవడానికి పనికొస్తుందని వైద్యులు చెప్పడంతో, ఆరు నెలల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయించాము. ఊపిరి పూర్తిగా వదిలి, మూసి ఉన్న గొట్టం నుంచి బలంగా పీల్చినప్పుడు వచ్చే గరిష్ఠ పీడనం మొదటిసారి 52, రెండోసారి 38 సెంటీమీటర్ల నీటి పీడనంగా నమోదైంది.

ఇది నిజమైన తగ్గుదలేనా? మొదటిసారి గుండ్రటి గొట్టాన్ని పెదవులకు అదిమి పట్టారు. రెండోసారి పళ్లకూ పెదవులకూ మధ్య ఇమిడే రబ్బరు మౌత్‌పీస్ వాడారు, మూడే ప్రయత్నాలు చేయించారు (ఒకదాంట్లో వాడు నవ్వేశాడు, నాకూ నవ్వు ఆగలేదు). బుగ్గల బలం కలవకుండా పరికరానికి సన్నని రంధ్రం ఉండాలని, పీడనం కనీసం ఒక సెకను నిలవాలని చదివాను. మాకిచ్చిన కాగితంలో మాత్రం అంకె తప్ప, పీడనం ఎంతసేపు నిలిచిందో చూపే రేఖాచిత్రం లేదు.

ఇదే బలాన్ని ముక్కుతో కొలిచే పరీక్ష ఇంకొకటి ఉంది: ఒక ముక్కురంధ్రంలో పీడనం కొలిచే గొట్టమున్న బిరడా పెట్టి రెండోదానితో గట్టిగా ఎగపీల్చాలి. ఇది పిల్లలకు సులువట. అయితే మా వాడికి తరచూ జలుబు. ముక్కు దిబ్బడ ఉంటే అంకె తగ్గిపోతుంది.

పిల్లలకు ఈ పరీక్షలు చేసే ఫిజియోథెరపిస్టులు, చేయించిన తల్లిదండ్రులు దయచేసి చెప్పండి: ఎన్ని ప్రయత్నాల తరువాత అంకె నిలకడగా వస్తుంది? నోటితో, ముక్కుతో చేసే రెండు పరీక్షలూ ఒకేరోజు చేయించి పెద్ద విలువను తీసుకోవచ్చా?