సర్వమత సేవకు ఏ చదువు, ఏ శిక్షణ?

ప్రశ్న (బరంపురం నుంచి):
అందరికీ నమస్కారం. డిగ్రీ అయ్యాక ఇక్కడి ఆసుపత్రిలో, నయంకాని జబ్బులున్నవారి వార్డులో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఒక మంచం దగ్గర జగన్నాథుని నిర్మాల్యం నోట్లో వేయమంటారు, పక్క మంచం దగ్గర కలిమా చదివేవారిని పిలవమంటారు, ఆ పక్కన పాస్టరుగారు ఎప్పుడొస్తారని అడుగుతారు. అన్ని మతాలవారికీ తోడుండే ఈ పనినే వృత్తిగా చేపట్టాలని ఉంది. కొన్ని విదేశీ సంస్థలు ఆన్‌లైన్‌లో ఇచ్చే ‘ఇంటర్‌ఫెయిత్ మినిస్టర్’ దీక్ష ఇక్కడ పనికొస్తుందా, లేక బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే క్రైస్తవ వేదాంత పట్టా) చదవాలా?

జవాబు (రాయగడ నుంచి):
బి.డి. ప్రధానంగా క్రైస్తవ సంఘ కాపరులను (పాస్టర్లను) తయారుచేసే చదువు. 1827 నాటి డెన్మార్క్ రాజశాసనం బలంతో బెంగాల్‌లోని సెరాంపూర్ విద్యాసంస్థ ఆ పట్టా ఇస్తోంది. ఇతర మతాల అధ్యయనం అందులో భాగమే అయినా, చేరేటప్పుడు సంఘం సిఫారసు అడగడం మామూలే. మీరు క్రైస్తవులు కాకపోతే ఆ దారి కష్టం.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
దీక్షను, పట్టాను ఒకే గాటన కట్టకండమ్మా. అమెరికాలోనే ఆసుపత్రి చాప్లెయిన్‌గా (రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే ఉద్యోగిగా) బోర్డు ధ్రువీకరణ పొందాలంటే, మాస్టర్స్ స్థాయి మతాధ్యయనంతో పాటు క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ (రోగుల మధ్య పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) యూనిట్లు నాలుగు పూర్తిచేయాలి. ఒక్కో యూనిట్ కనీసం 400 గంటలు. ఒకప్పుడు తానే మానసిక వైద్యశాలలో రోగిగా ఉన్న ఆంటన్ బోయిసెన్, 1925లో మసాచుసెట్స్‌లోని అలాంటి ఆసుపత్రిలోనే ఈ తరహా శిక్షణను ఆరంభించాడు. ఈ శిక్షణలో రోగి అన్న మాటను, మీరన్న మాటను పొల్లుపోకుండా రాసుకొచ్చి తోటివారి ముందు చదవాలి. ‘భయంగా ఉంది’ అని రోగి అంటే ‘దేవుడున్నాడు లెండి’ అని మీరెందుకు మాట దాటేశారో వాళ్లు నిలదీస్తారు. నన్నడిగితే సగం చదువు అక్కడే ఉంది. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ శిక్షణ ఉంది.

జవాబు (జయపురం నుంచి):
మతాల మధ్య సంబంధాలు నేర్చుకోవడానికి, 1930లో లాహోరులో మొదలై ఇప్పుడు హైదరాబాదులో ఉన్న హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్‌ను కూడా చూడండి. అయితే జీతం సంగతి మరవకూడదు. మన వైపు ఆసుపత్రులు ఎక్కువగా తీసుకునేది కౌన్సెలర్లను, మెడికల్ సోషల్ వర్కర్లను. అందుచేత వార్డు వదలకుండా ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చేసి, తర్వాత వెల్లూరు సంగతి ఆలోచించడం మేలు. ఫీల్డ్ వర్క్‌కు మీ వార్డునే ఒప్పుకుంటారేమో చేరకముందే స్టడీ సెంటరులో కనుక్కోండి.