స్పాట్ బిల్లింగ్ మెషిన్ ‘బీప్’ అంటే రీడింగ్ నమ్మొచ్చా?

కొత్తపేట_వాసి
కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు మెషిన్‌ని మీటర్ ముందు పెట్టాడు, బీప్ అంది, కాగితం చింపి చేతిలో పెట్టాడు. మీటర్‌లో అంకె ఎంతుందో తలెత్తి చూడలేదు. అడిగితే ‘ఐఆర్‌లో, అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో వచ్చింది సార్, నేను కొట్టింది కాదు’ అన్నాడు. బీప్ వస్తే సరిపోతుందా?

స్పాట్_బిల్లర్
అన్నా, ఆ పని చేసేది నేనే. చేత్తో కొట్టే రోజుల్లో 3 బదులు 8 పడితే మమ్మల్నే తిట్టేవారు. ఇంటికి తాళం ఉంటే ‘డోర్ లాక్’ పెట్టి సరాసరి బిల్లు ఇచ్చేవాళ్లం. ఐఆర్‌లో అంకె నేరుగా వస్తుంది, నా వేలికి పని లేదు.

బుజ్జి
మా మీటర్ గాజు మీద పదేళ్ల దుమ్ము. బీప్ రానే రాదు 😀

సర్క్యూట్_మాస్టారు
బీప్ మీద ఇంత నమ్మకం పనికిరాదు. ఐఆర్‌డీఏ అనే ఇన్‌ఫ్రారెడ్ ప్రమాణంలో దూరం సుమారు ఒక మీటరు, కోణం అటూ ఇటూ 15 డిగ్రీలు. ఎండ నేరుగా పడినా, గాజు మురికిపట్టినా సిగ్నల్ అందదు. పంపే ప్రతి డేటా ముక్క (ఫ్రేమ్) చివర తప్పు పట్టే 16 బిట్ల చెక్ ఉంటుంది కాబట్టి దారిలో అంకె చెడితే దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది. అంటే బీప్ చెప్పేది ‘మీటర్ పంపింది నాకు చేరింది’ అని మాత్రమే. మీటరే తప్పుగా తిరుగుతుంటే ఆ తప్పే భద్రంగా చేరుతుంది.

స్పాట్_బిల్లర్
మా మెషిన్‌లో ఫెయిలైతే పొడుగు బీప్, వస్తే పొట్టి బీప్. సంతలో, మోటార్ల పక్కన రెండూ వినిపించవు. అందుకే స్క్రీన్ చూస్తాం. చెవితో బిల్లు కొట్టం మాస్టారూ.

కొత్తపేట_వాసి
స్క్రీన్ నువ్వు చూస్తావు. నాకు చూపిస్తావా?

స్పాట్_బిల్లర్
బిల్లు కాగితం మీద ప్రస్తుత రీడింగ్, పాత రీడింగ్ రెండూ ఉంటాయి. మీ గోడ మీద మీటర్ ఉంది. పోల్చుకోడానికి అడ్డమెవరు?

కొత్తపేట_వాసి
మాటలు జాగ్రత్త! పోయిన నెల నీలాంటివాడే ఆలస్యంగా వచ్చాడు, యూనిట్లు 200 దాటాయి. 200 యూనిట్ల దాకా ఉచితమనే గృహజ్యోతి పోయి మొత్తం బిల్లు కట్టాను. అదీ ఐఆర్ రీడింగే. కచ్చితమైన రీడింగే!

సర్క్యూట్_మాస్టారు
ఇది ఐఆర్‌కి సంబంధించిన విషయం కాదు. సెకనుకు 115.2 కిలోబిట్ల వేగంతో వచ్చినా, 9.6తో వచ్చినా...

బుజ్జి
మాస్టారూ, ఆయన గొడవ కిలోబిట్లది కాదు, తేదీది.

కొత్తపేట_వాసి
అదే! రీడింగ్ సరైనదే. తీసిన రోజే తప్పు. కుర్రాడు నాలుగు రోజులు ముందొస్తే నా బిల్లు సున్నా.

స్పాట్_బిల్లర్
మరి రెండు రోజులుగా నా బీప్ మీద ఎందుకు పడ్డారన్నా? మాకు జీతం లేదు, బిల్లుకింత అని కాంట్రాక్టరు ఇస్తాడు. రూట్ ఆయనే వేస్తాడు. మనిషి మానేస్తే ఆ వీధులు కూడా నా మీద పడతాయి, మీ వీధి చివరికి పోతుంది. మీటర్‌కి నా తేదీ తెలియదు, నాకు మీ స్లాబు తెలియదు.

కొత్తపేట_వాసి
అయితే నేను ఎవరిని అడగాలి? డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు కాంట్రాక్టరు అంటారు, కాంట్రాక్టరు ఫోనెత్తడు.

స్పాట్_బిల్లర్
పోయిన నెల బిల్లు, దాని ముందు నెల బిల్లు పక్కపక్కన పెట్టండి. రెండిటి మీదా తేదీలుంటాయి. ఆ రెండూ జిరాక్స్ తీసి సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) రాతపూర్వకంగా ఇవ్వండి. బీప్ సంగతి మాత్రం అందులో రాయకండి.